ఈశాన్యపు గుంట

నారు నిలబడలేదు. రూత్ చూపుడు వేలు కాడ కింద పెట్టి పైకెత్తింది. వేలు తీసేసరికి మొక్క మళ్లీ ఒరిగి పక్క మొక్క మీద పడింది. అది దాని పక్కదాని మీద పడింది. ట్రేకి తొంభై ఎనిమిది గుంటలు, గుంటకో మొక్క. తొంభై ఎనిమిదీ తెల్లగా, దారప్పోగుల్లా సాగిపోయి, చివర రెండంటే రెండు ఆకులు పెట్టుకుని పడున్నాయి. పన్నెండు రోజుల మిరపనారు ఉండాల్సిన తీరేనా అది?

షెడ్డు నిండా వంగపువ్వు రంగు వెలుతురు. పై దూలాలకి వైర్లు కట్టి వేలాడదీసిన పట్టీ లైట్లు ఆ రంగే పోస్తాయి. ఆ వెలుతురులో మొక్క పచ్చగా ఉందో పాలిపోయిందో తెలిసి చావదు. రూత్ ఆ ట్రే ఎత్తుకుని గుమ్మం దగ్గరికి తెచ్చి చూసింది. బయట ముసురు. పదిహేను రోజులుగా తిరువూరులో సూర్యుడు కనపడితే ఒట్టు. అయినా ఆ మబ్బు వెలుగులోనే నారు సంగతి తెలిసిపోయింది. 

"వదినా, ఇయ్యి కూడానా?" చిట్టెమ్మ నీళ్ల గొట్టం కింద పడేసి వచ్చింది. ఇద్దరూ ఆ నర్సరీలో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్నవాళ్లు.

"అన్నీ ఇంతే."

"అమ్మో! రేపో మాపో గంపలగూడెం రైతులొస్తామన్నారుగా. అయ్యగారు మన తోలు వలిచేత్తాడు."

కిందటేడు ఇలాంటి ముసురుకే బయట నీడ నెట్టు కింద నారంతా కుళ్లిపోయింది. అందుకని ఈ ఏడు నర్సరీ యజమాని హనుమయ్యగారి కొడుకు విశ్వతేజ కొత్త పద్ధతి పట్టాడు. బీటెక్ చదివినవాడు, ఫోన్లో వీడియోలు చూసినవాడు. మామిడికాయల సీజను అయిపోయి ఖాళీగా ఉన్న షెడ్డు కడిగించాడు, లైట్లు తెప్పించాడు, కరెంటు పని చేసే సుందరరాజు చేత కట్టించాడు. "ఇంక ఎండతో పన్లేదు, సూర్యుణ్ణి షెడ్డులోకి తెచ్చేశా" అని రెడ్డిగూడెం దాకా చెప్పుకున్నాడు. హనుమయ్య మాత్రం మొదట్నించీ మూతి ముడుచుకునే ఉన్నాడు. "దీపాల కింద నారేంట్రా, కోళ్లఫారమా ఇది?" అన్నాడు ఆ రోజు.

ఇప్పుడు ఆయన గొడుగు మడుస్తూ షెడ్డులోకి వచ్చాడు. వెనకే ఆయన భార్య సామ్రాజ్యం, ఆమె వెనక తేజ. రూత్ చేతిలో ట్రే చూసి హనుమయ్య ఆగిపోయాడు. తీసుకోలేదు. వరసల మధ్యన ఆ కొసదాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చాడు.

"ఎన్ని ట్రేలు?"

"ఆరొందలండి," అంది రూత్.

"ఆరొందలూ సాగిపోయినయ్యా? ఏరా, ఇదేనా నీ సూర్యుడు?"

తేజ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. "లైట్లలో ఏం తప్పు లేదు నాన్నా. కంపెనీవాళ్లు చెప్పినట్టే పెట్టించా. విత్తనం దగ్గర్నుంచే ఏదో తేడా జరిగింది."

ఆ మాట ఎవరి మీద పడుతుందో అతను ఆలోచించలేదు. ఆలోచించాడేమో కూడా, ఎవరికి తెలుసు. సామ్రాజ్యం మాత్రం ఠక్కున అందుకుంది. వరసలో మొట్టమొదటి ట్రే దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ ట్రే అంచుకి పసుపు, కుంకుమ బొట్లు ఇంకా ఉన్నాయి.

ప్రతి ఏడూ మిరప విత్తనం వేసే రోజు ఆమె కొబ్బరికాయ కొట్టి, మొదటి ట్రేకి బొట్లు పెట్టి, ఈశాన్యపు మూల గుంటలో మొదటి గింజ రూత్ చేత పెట్టించేది. రూతు హస్తవాసి అలాంటిది. ఆమె పెట్టిన గింజ మొలవకపోవడమన్నది పదకొండేళ్లలో ఎవరూ ఎరగరు. నెమలి ఊరి నుంచి వచ్చే రైతులు కూడా "రూతమ్మ చెయ్యి పడిందేనా?" అని అడిగి మరీ నారు పట్టుకెళ్లేవాళ్లు. దేవుడు వేరైనా చెయ్యి మంచిదని సామ్రాజ్యమే పదిమందికి చెప్పేది.

"నా బుద్ధికేమొచ్చిందో!" సామ్రాజ్యం నుదురు కొట్టుకుంది. "రూతు మొగుడు పోయి నిండా నాలుగు నెలలు కాలేదు. వీళ్లకి బొట్టూ కాటుకా ఉండవు కదా, చూస్తే తెలియదు, నాకు గుర్తే లేదు. ఆ చేత్తోనే మొదటి గింజ పెట్టించానే! ఇంకెందుకు నిలబడుద్ది?"

 రూత్ ట్రే కింద పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కుచ్చెళ్ల దగ్గర పట్టుకుంది. ఆమె మొగుడు యేసురాజు కిడ్నీలు పాడై ఏప్రిల్‌లో పోయాడు. అప్పుడు ఇదే సామ్రాజ్యం ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, "నీకు మేము లేమా" అని వీపు నిమిరింది.

"అమ్మగారూ, గింజలన్నీ మొలిచినయ్యండి. మొలిచినాకే కదండీ సాగినయ్యి..."

"నువ్వింక విత్తనం జోలికి రామాకే. మళ్లీ వేద్దాం. కోడలి చేత పెట్టిద్దాం. నువ్వు బయట కొబ్బరి పొట్టు కలుపు, చాలు."

హనుమయ్య భార్య మాట కాదనలేదు. ఆయన కోపమంతా కొడుకు మీద. కానీ కొడుకు మీద కోపానికి మందు లేదు, పనిమనిషి మీద ఉంది. "ఇయ్యన్నీ తీసి పెంటలో పొయ్యండి," అని వెళ్లిపోయాడు.

*

ఆ సాయంత్రమంతా ట్రేలు దులపడమే పని. ట్రే బోర్లించి వెనక తడితే పొట్టుతో సహా నారు కుప్పలో పడుతుంది. కూలీ ఇద్దరిదీ ఒకటే, పనీ ఒకటే. కానీ చిట్టెమ్మ దులుపుతుంటే అది చెత్త, రూత్ దులుపుతుంటే తను చేసిన పాపం. అలా అనిపించింది ఆమెకి, ఎంత వద్దనుకున్నా. చర్చిలో పాస్టరుగారు మొలిపించేది దేవుడే, మన చేతిలో ఏముందమ్మా అంటారు. నిజమే. మరి ఏప్రిల్ తర్వాత ఇంటి ముందు కుండీలో వేసిన కొత్తిమీర ఎందుకు కుళ్లింది? కొనుక్కొచ్చిన కోడిపెట్ట ఎందుకు చచ్చింది? ఆమె తన కుడిచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది. పొట్టు రంగు పట్టిన గోళ్లు, వేలి చివర విత్తనం నొక్కి నొక్కి కాచిన కాయ. నిన్నటి దాకా ఉన్న చెయ్యే.

"వదినా, ఆ మూలయ్యి కూడా దింపాలి. నాకందవు, నువ్వే ఎక్కు," అంది చిట్టెమ్మ. పొట్టి మనిషి పాపం.

నేల చోటు చాలక ఆ మూల పన్నెండు ట్రేలు పైకి పెట్టారు. మామిడికాయల క్రేట్లు ఐదేసి దొంతర పేర్చి, వాటి మీద. ఇన్నాళ్లూ కింద నుంచే గొట్టంతో నీళ్లు చిమ్మారు తప్ప పైకెక్కి చూసినవాళ్లు లేరు. రూత్ ఒక క్రేటు తిరగేసి ఎక్కింది.

ఎక్కి అలాగే ఉండిపోయింది.

నారు పొట్టిగా, గట్టిగా, ముదురాకుపచ్చగా ఉంది. నాలుగాకులు వేసి ఉంది. అరచెయ్యి అడ్డంగా పెట్టి నిమిరితే చీపురు కట్టలా ఎదురు తన్నింది. పన్నెండు ట్రేలూ అంతే. అవి కూడా ఆమె వేసినవే. అదే రోజు, అదే పొట్లంలోవే. రూత్ తల ఎత్తబోతే నడినెత్తికి లైటు తగిలింది. అప్పుడు లైటుకీ నారుకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. మూరెడు. తర్వాత కిందకి, నేల మీద ట్రేలున్న చోటికి చూసింది. అక్కడికి ఆరడుగుల పైమాటే.

ఆ లైట్లు ఆ ఎత్తున ఎందుకున్నాయో ఆమెకి తెలుసు. ఆ షెడ్డులో బల్బు ఎప్పుడూ అక్కడే కడతారు. నెత్తిన క్రేటు పెట్టుకుని నడిచే మనిషికి తగలకూడదని. ఇరవై ఏళ్లుగా అక్కడ మామిడి సీజనుకి బల్బులు కట్టిన సుందరరాజు, ఎవరూ చెప్పకపోయేసరికి, ఇవీ అక్కడే కట్టాడు. తేజ కింద నిలబడి బావుందన్నాడు. మొక్క మామిడికాయ కాదని ఇద్దరికీ తోచలేదు. పైనున్న వెలుతురు అందుకోవాలని పాపం ఆ మొక్కలు సాగి సాగి మెడలు విరుచుకున్నాయి.

"చిట్టెమ్మా, చినబాబుని పిలువు. ఒక్కణ్ణే."

తేజ వచ్చాడు. క్రేటు ఎక్కాడు. చూశాడు. తెలివైనవాడే, చెప్పక్కర్లేకపోయింది. లైటు వంక చూసి, నేల వంక చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇయ్యీ నా చేత్తో వేసినయ్యే బాబూ," అంది రూత్. 

"ఊఁ."

"అమ్మగారికి ఒక్క మాట చెప్పండి."

అతను క్రేటు దిగి చేతులు దులుపుకున్నాడు. "చెప్తాలే రూతమ్మా. ఇప్పుడే కాదు. నాన్న అసలే మండిపోతున్నాడు. తప్పు లైట్లదని తెలిస్తే సాయంత్రానికల్లా అన్నీ పీకించేస్తాడు. రెండో దఫా నారు బాగా రానీ. అప్పుడు నేనే చెప్తా. కొంచెం ఓర్చుకో."

ఆ పన్నెండు ట్రేలూ ఎవరూ చూడకముందే తేజ కుప్పలో పోయించాడు. మర్నాడు సుందరరాజు నిచ్చెనేసుకుని వైర్లన్నీ పొడుగు చేసి, లైట్లు నేలకి మూరెడెత్తున దించాడు. నారు చూడాలంటే ఇప్పుడు అందరూ వంగాల్సిందే. "ఏంట్రా ఇది?" అన్న తండ్రికి తేజ, "కొత్త వీడియోలో ఇలా పెట్టమన్నారు" అని చెప్పాడు. బయట పొట్టు కలుపుతున్న రూత్‌కి ఆ మాట వినపడింది. చిట్టెమ్మకీ వినపడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట! నువ్వెళ్లి అడగవేం వదినా?"

"చెప్తానన్నాడుగా."

"చెప్తాడు. మన పిల్లల పిల్లలకి చెప్తాడు," అంది చిట్టెమ్మ.

*

రెండో దఫా విత్తనం బుధవారం వేశారు. రూత్ షెడ్డు గుమ్మం బయట గోనెపట్టా మీద కూర్చుని కొబ్బరి పొట్టు తడుపుతోంది. గుప్పెడు తీసుకుని పిండితే వేళ్ల సందుల్లో తేమ కనపడాలి, చుక్క పడకూడదు. ఆ పని చేతులు చేసుకుపోతున్నాయి. కళ్లు షెడ్డు లోపలున్నాయి.

కోడలు పూజిత తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. సత్తుపల్లి పిల్ల. పెళ్లయి మూడేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు. అప్పట్నుంచీ ఆ పిల్ల నవ్వితే చూసినవాళ్లు లేరు. సామ్రాజ్యం కొబ్బరికాయ కొట్టి, ట్రేకి బొట్లు పెట్టి, గింజ కోడలి అరచేతిలో వేసింది.

"దణ్ణం పెట్టుకుని పెట్టు. ఏదీ, ఈ చెయ్యన్నా నిలబెట్టుద్దేమో చూద్దాం," అంది. చివరి మాట కాస్త చిన్నగా అంది కానీ గుమ్మం దాకా వచ్చింది.

పూజిత కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. గుంటలోకి వేలు గుచ్చింది. గోటి మందం లోతు చాలు మిరపకి. ఆ పిల్ల రెండు కణుపులు దింపింది. గింజ అడుక్కి జారిపోయింది. పైన పొట్టు వేసి, భయం కొద్దీ గట్టిగా నొక్కింది కూడా.

"లోతైందమ్మా!" అనేసింది రూత్. అలవాటు కొద్దీ నోరు జారింది.

సామ్రాజ్యం గిరుక్కున తిరిగింది. "నువ్వు నోరు మూసుకో. మంచి జరుగుతున్న చోట నీ మాటొకటా?"

రూత్ తల దించుకుని పొట్టు పిండింది. ఈసారి చుక్కలు కారాయి. అది పక్కన పడేసి మళ్లీ తీసుకుంది. లోపల తేజ ఉన్నాడు. ట్రేలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. మిగతా గింజలన్నీ చిట్టెమ్మా, గంపలగూడెం నుంచి పిలిపించిన ఇద్దరు ఆడవాళ్లూ వేశారు. తొందర్లో కొన్ని గుంటల్లో రెండేసి పడ్డాయి. రూత్ పెట్టినప్పుడు అలా పడేవి కావు.

పది రోజులు ఆమె షెడ్డు గడప తొక్కలేదు. పొట్టు కలిపింది, కాలవ తీసింది, జామ అంట్ల దగ్గర కలుపు పీకింది. ఇంటికెళ్లి అన్నం వండుకుని ఒక్కతే తినేది. పేటలో అప్పటికే మాట పాకింది. ఆదివారం చర్చి బయట చెప్పులేసుకుంటుంటే వాళ్ల వీధి జోజమ్మ, "మా కోడలు పాదు పెడదామనుకుంటంది రూతూ, నిన్ను పిలుద్దామనుకుంది గానీ... ఇంకోసారి పిలుత్తదిలే," అంది. అదివరకు వీధిలో ఎవరు బీరపాదు పెట్టినా గింజ రూత్ చేతే పెట్టించుకునేవాళ్లు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. యేసురాజు పోయినప్పుడు కూడా అంతసేపు ఏడవలేదు.

*

పదో రోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, పూజిత పొట్టు కలిపే చోటికి వచ్చింది. పాత నైటీ, పైన తువ్వాలు. మొహం పీక్కుపోయి ఉంది.

"రూతక్కా, ఒకసారి లోపలికి రావా."

"నేను రాకూడదమ్మా. అమ్మగారు..."

"స్నానానికెళ్లారు. రా అక్కా."

లోపల నారు లేచి ఉంది. వంగి చూస్తే వరస తర్వాత వరస, ఒత్తుగా, నిటారుగా, ఒక్కటీ ఒరగలేదు. రూత్‌కి ముందు సంతోషమే కలిగింది, ఒట్టు. నారు బాగుంటే సంతోషించడం ఆమెకి వచ్చు. తర్వాత పూజిత వేలు పెట్టి చూపించిన చోటు చూసింది. బొట్ల ట్రే. తొంభై ఏడు గుంటల్లో మొక్కలున్నాయి. ఈశాన్యపు మూల గుంట ఖాళీ.

"నాలుగు రోజుల్నుంచీ చూస్తున్నా. అన్నీ వచ్చినయ్, ఇదొక్కటే రాలేదు." పూజిత గుమ్మం వైపు ఒకసారి తిరిగి చూసింది. "ఇవాళ నెమలి రైతులొస్తున్నారంట నారు చూట్టానికి. మావయ్య అందర్నీ ముందు ఈ ట్రే దగ్గరికే తీసుకొస్తారు. అత్తయ్య దీన్నే చూస్తుంది. ఇప్పటికే నన్ను... నా చెయ్యి, నా కడుపు... ఏమంటుందో నీకు తెలుసుగా అక్కా."

తెలుసు. రూత్ ఆ గుంట వంక చూస్తూ ఉండిపోయింది. ఏమీ చెయ్యక్కర్లేదు. వచ్చినదారినే బయటికెళ్లి పొట్టు కలుపుకుంటే చాలు. గంటలో సామ్రాజ్యం వస్తుంది, చూస్తుంది, మళ్లీ నుదురు కొట్టుకుంటుంది. చెయ్యి మంచిది కానిది రూతుది కాదని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వచ్చే ఏడు మళ్లీ పిలుస్తారు. పదకొండేళ్ల పేరు తిరిగొస్తుంది. ఆ పేరు కావాలి ఆమెకి. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నది ఆ ఒక్క పేరు. ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం.

పూజిత ఏమీ అడగలేదు. ఏదైనా చెయ్యొచ్చని ఆ పిల్లకి తెలియదు కూడా. తువ్వాలు కొస నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమంటే ఏంటో ఈ పది రోజుల్లో రూత్‌కి బాగా తెలిసింది. తేజ చేసింది అదే. అటు తిరిగి ట్రేలు లెక్కపెట్టుకున్నాడు.

"ఛీ," అంది రూత్, పైకే.

"ఏంటక్కా?"

"ఏం లేదు. ఆ చీపురులోంచి ఓ పుల్ల విరిచియ్యి."

రెండో వరసలో ఒక గుంటలో జంటగా లేచిన మొక్కలున్నాయి. రూత్ చీపురుపుల్ల వాటి పక్కన దింపి, పొట్టు వదులు చేసి, ఒకదాన్ని ఆకు పట్టుకుని పైకి తీసింది. కాడ పట్టుకోకూడదు, నలిగితే బతకదు. తెల్లటి వేరు వెంట్రుకలా వేలాడింది, తెగలేదు. మూల గుంటలో పుల్లతో దారి చేసి, వేరు వంగకుండా దింపి, చుట్టూ పొట్టు చిటికెడు చిటికెడు వేసి వేలి చివరతో అద్దింది. లోతు ఎంతో వేలికి తెలుసు. నోట్లో మాట బయటికి రాకుండా, ఎప్పట్లాగే, ప్రభువా అనుకుంది. వేళ్లు తడిపి రెండు చుక్కలు విదిల్చింది.

పూజిత పక్కనే వంగి చూసింది. ఆమె కళ్లల్లోంచి నీళ్లు ట్రే మీద పడబోతే రూత్ భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "దాని మీద కాదమ్మా. ఉప్పు."

*

రైతులు ఐదుగురు వచ్చారు. లైట్ల కిందికి వంగలేక వంగలేక నారు చూసుకుంటూ నడిచారు. హనుమయ్య మొహం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది. "మావాడు పెట్టిన ఏర్పాటు. మొదట నేనే తిట్టా, కాదన్లేదు," అన్నాడు కొడుకు వీపు తట్టి. తేజ నవ్వాడు. గుమ్మం వైపు చూడలేదు.

వాళ్లలో ముసలాయన బొట్ల ట్రే ముందు చతికిలబడి, మూల మొక్కని పరకాయించాడు. "రూతమ్మ చెయ్యేనా హనుమయ్యా?"

"కాదండీ." జవాబు సామ్రాజ్యం చెప్పింది. "ఈసారి ఆవిడ చేత పెట్టించలేదు. పెట్టిస్తే ఏమైందో మొన్న చూశాం. ఇది మా కోడలి చెయ్యి. మహాలక్ష్మి చెయ్యి!" కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసింది. మూడేళ్లలో అలా వెయ్యడం అదే మొదలేమో.

"అత్తయ్యా..." అంది పూజిత.

అందరూ ఆమె వైపు చూశారు. తేజ కూడా చూశాడు. గుమ్మం బయట రూత్ చేతిలో పొట్టు అలాగే ఉంది, పిండలేదు.

"ఏమ్మా?" అంది సామ్రాజ్యం.

"టీ పెట్టనా అని."

"చిట్టెమ్మ పెడుద్దిలే. నువ్వుండు."

ముసలాయన లేచి, పంచె దులుపుకుని, బయటికొస్తూ రూత్ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమె చేతుల వంక చూసి, చెప్పులేసుకున్నాడు. సామ్రాజ్యం వెనక నుంచి కేకేసింది. "రూతూ, పొట్టు పని రేపటితో అయిపోద్దిగా. ఎల్లుండి నుంచి మామిడి తోటలో కలుపుకి పో. ఇక్కడ చిట్టెమ్మోళ్లు చాలు."

"సరేనండి," అంది రూత్.

మధ్యాహ్నం అందరూ భోజనాలకెళ్లాక పూజిత వచ్చింది. రైతులొస్తున్నారని కట్టుకున్న పట్టుచీర ఇంకా ఒంటి మీదే ఉంది. రూత్ ముందు గోనెపట్టా మీదే కూలబడింది.

"నేను చెప్దామనే అనుకున్నా అక్కా. నోరు రాలేదు."

రూత్‌కి కోపం ఉంది. చాలా ఉంది. ఎవరి మీద ఎంత పంచాలో తేలక అలాగే ఉంది. గుప్పెడు పొట్టు తీసుకుని పిండింది. వేళ్ల సందుల్లో తేమ కనపడింది, చుక్క పడలేదు.

"మొక్క కొంచెం వాలినట్టుంది," అంది పూజిత భయంభయంగా. "అత్తయ్య సాయంత్రం మళ్లీ చూస్తదేమో. అది బతుకుద్దా అక్కా?"

"రెండ్రోజులు వాలుద్ది. నీళ్లు పొయ్యమాక, చిలకరించు చాలు. మూడో రోజుకి లేచిద్ది."

"ఖాయంగా బతుకుద్దా?"

రూత్ తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూసింది. 

"బతికిద్దమ్మా. నేను పెట్టాగా."